ఎవరి బాకీ ముందు?

ఏడో తరగతి పిల్లలకు సాధారణ వడ్డీ లెక్కలు చెబుతున్నాం. పుస్తకంలో ఉన్న లెక్క బ్యాంకు గురించి. మా పిల్లలకు బ్యాంకు కంటే సంతలో సావుకారు బాగా తెలుసు. అందుకని "నూటికి నెలకు మూడు రూపాయలు" అని మార్చి చెప్పాం. వెంటనే అందరికీ అర్థమైంది. లెక్క అయిపోయాక వెనక వరసలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, గవర్నమెంటుకు అప్పులు ఎక్కువైపోయాయంట. అందుకే మా అమ్మ కూలి డబ్బులు పడలేదంట. నిజమేనా?"

ఆ అమ్మాయి తల్లి ఎండాకాలంలో కొండ వాలున కందకాలు తవ్వే పనికి వెళ్ళింది. వానలు పడ్డాయి, ఊడ్పులు అయిపోయాయి, డబ్బులు మాత్రం పడలేదు. రెండుసార్లు ఆటో ఎక్కి వెళ్ళి ఖాతా చూపించుకుని వచ్చిందట. చార్జీలే దండగ అయ్యాయి.

"రేపు చెబుతాం" అన్నాం. ఆ రేపు చాలా రోజులు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ప్రభుత్వానికి అప్పులున్న మాట నిజం. కూలి రాని మాటా నిజం. కానీ మొదటిది ఉంది కాబట్టే రెండోది జరిగిందా? అప్పున్న ప్రతివాడూ కూలి ఎగ్గొడతాడా? ఈ వ్యాసం ఆ అమ్మాయికి మేము చెప్పవలసిన జవాబు కోసం రాసుకున్నది.

మా కొండల్లో అప్పు అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. మాకు రెండు రకాల అప్పులు తెలుసు. మొదటిది మా మధ్యలో ఉండేది. విత్తనాల వేళకు చోళ్ళు చాలకపోతే పక్కింటి నుంచి కుంచెడు తెచ్చుకుంటాం. కొత్తల పండగ అయ్యాక కుంచెడు తిరిగి ఇస్తాం. మా మడిలో నలుగురు ఒకరోజు ఊడిస్తే, వాళ్ళ మడిలో మేము ఒకరోజు ఊడుస్తాం. ఇల్లు కప్పుకునే రోజు ఊరంతా వస్తుంది. చావు జరిగిన ఇంటికి తలా కొంత బియ్యం పట్టుకెళ్తాం. ఇవన్నీ అప్పులే. ఎవరూ కాగితం మీద రాయరు, ఎవరూ మరచిపోరు. పంట పోయిన ఏడాది "ఎప్పుడిస్తావు" అని అడగడం తప్పు. అలా అడిగినవాణ్ణే పెద్దలు మందలిస్తారు. పండిన ఏడాది కూడా ఇవ్వనివాణ్ణి మాత్రం మరుసటి ఏడు పనికి పిలవరు. అంటే ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు. ఈ తేడా మా పెద్దవాళ్ళకు బడికి వెళ్ళకుండానే తెలుసు.

రెండోది సావుకారు అప్పు. పెళ్ళికో, జబ్బుకో, పన్ను కట్టడానికో తెచ్చిన చిన్న మొత్తం. తీర్చలేకపోతే మనిషే వెళ్ళి అతని ఇంట్లో పని చేసేవాడు. దీన్ని విశాఖ ఏజెన్సీలోనూ, పక్కన కోరాపుట్ వైపూ గోతి అనేవారు. తెలుగు చెవికి ఆ మాట గొయ్యిలాగే వినిపిస్తుంది, నిజానికి అది గొయ్యే. వాడు పని చేస్తున్నంత కాలం ఆ పని వడ్డీ కిందకే పోయేది. అసలు అలాగే ఉండేది. తండ్రి పోతే కొడుకు వెళ్ళేవాడు.

ఆ గొయ్యిని పూడ్చడానికి చట్టాలు వచ్చాయి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం చేసింది. కొండజాతి మనిషి మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ వేయకూడదు, చక్రవడ్డీ అసలే కూడదు, మొత్తం వడ్డీ ఎన్నేళ్ళయినా అసలును మించకూడదు అని అందులో ఉంది. 1940లో అప్పు కింద మనిషిని కట్టుకునే పద్ధతిని ఏజెన్సీలో రద్దు చేశారు. స్వతంత్రం వచ్చాక 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద రెగ్యులేషన్ వచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఇవి పూర్తిగా అమలయ్యాయని మేము అనడం లేదు. అయినా వాటిలో ఒక న్యాయం ఉంది. అప్పు నిజమే అయినా, సంతకం నిజమే అయినా, దాన్ని వసూలు చేసుకోవడానికి ఒక హద్దు ఉంటుంది. అప్పిచ్చినవాడి వడ్డీ కంటే అప్పు తీసుకున్నవాడి బతుకు ముందు.

ఇది ఒక్క కొండవాళ్ళకే వర్తించే దయ అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ మీద పాత అప్పులు కుప్పలుగా ఉన్నాయి. 1953లో లండన్‌లో అప్పిచ్చిన దేశాలు కూర్చుని సుమారు సగం తగ్గించాయి. మిగిలింది ఆ దేశం కట్టగల శక్తిని చూసి చాలా ఏళ్ళ మీద సర్దాయి. పంట పోయిన ఏడాది ఆగాలి అని మా ఊరి పెద్దలు చెప్పే మాటనే అక్కడ పెద్ద దేశాలు కాగితం మీద రాసుకున్నాయి. బలమున్నవాళ్ళు తమలో తమకు ఈ న్యాయాన్ని ఎప్పుడూ పాటించుకుంటారు. బలం లేనివాడి దగ్గరకు వచ్చేసరికే "లెక్క లెక్కే" అంటారు.

ఇక ప్రభుత్వ అప్పు. మన రాష్ట్రం అప్పు ఎంత అన్నదాని మీద ఒక్కో పార్టీ ఒక్కో లెక్క చెబుతుంది. బడ్జెట్‌లో చూపినది ఒకటి, కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినది మరొకటి. ఆ తగువులోకి మేము వెళ్ళడం లేదు. ఏ పార్టీ ఉన్నా అప్పు పెరిగింది, ఏ పార్టీ ఉన్నా మాకు రావలసినవి ఆగాయి. మేము అడిగేది అంతకంటే ముందు ప్రశ్న.

అప్పు చేయడమే పాపం అని మేము అనం. అరకు నుంచి లోపలి ఊరికి ఒక రోడ్డు వేస్తే దాని మీద మన మనవలు కూడా నడుస్తారు. దాని ఖర్చు మనమూ వాళ్ళూ పంచుకోవడం న్యాయమే. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకెళ్తున్న ఊరికి "అప్పు చేయకూడదు కాబట్టి ఆగండి" అని చెప్పడం పొదుపు అనిపించుకోదు. ఆ ఖర్చును ఆ తల్లి ప్రాణం మీదకు నెట్టడం అది. "అప్పు చేసి పప్పు కూడు" అని మైదానంలో మమ్మల్ని చూసి అనేవాళ్ళున్నారు. బియ్యం ఇస్తున్నారు, పింఛన్లు ఇస్తున్నారు, అందుకే రాష్ట్రం మునిగిందని. రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది, 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలయింది. ధర పెరిగిన ఆ పన్నెండేళ్ళలో రాష్ట్రం అప్పు తీరిపోయిందా? లేదు. మా ఇళ్ళలో అంబలి పలచబడింది, అంతే.

ప్రభుత్వం కూడా ఒక ఇల్లులాంటిదే, రాబడి లేనప్పుడు ఖర్చు తగ్గించుకోవాలి కదా అని కొందరు అంటారు. మంచిదే, ఇల్లులాగే చూద్దాం. కరువొచ్చిన ఇంట్లో ముందు ఎవరి కంచంలో తగ్గిస్తారు? మా ఇళ్ళలో అయితే తల్లి తన కంచంలో తగ్గించుకుంటుంది, తర్వాత తండ్రి, ఆఖరికి పిల్లవాడు. సంతలో కొనే పొగాకు ముందు ఆగుతుంది, సారా ముందు ఆగాలి. పిల్లవాడి అంబలి మొదట తీసేసే ఇంటిని ఊరంతా చీదరించుకుంటుంది. కాబట్టి ఇల్లనే పోలిక తెచ్చేవాళ్ళు ఆ ఇంటి ధర్మం కూడా తేవాలి. తగ్గించడం తప్పు కాదు. ఏ వరసలో తగ్గిస్తున్నామన్నదే తప్పో ఒప్పో అవుతుంది.

ఆ వరస ఎక్కడ రాసి ఉందో వెతికాం. మా సోషల్ పాఠంలో రాజ్యాంగం ఉంది. అందులో 112, 202 అధికరణాలు ఉన్నాయి. కేంద్రం, రాష్ట్రం కట్టవలసిన అప్పు అసలు, వడ్డీ ఖర్చులు ఖజానా మీద నేరుగా భారం. జడ్జీల జీతాలు, గవర్నరు జీతం లాంటివి కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. కోర్టు డిక్రీ ఇచ్చిన మొత్తాలూ ఉన్నాయి. వీటి మీద సభలో మాట్లాడుకోవచ్చు గాని ఓటు అవసరం లేదు. మిగతా ఖర్చులన్నీ, అంటే బడి, ఆసుపత్రి, హాస్టలు మెస్, కూలి, ఓటుకు పెట్టాలి. ఓటయ్యాక కూడా విడుదల కావాలి. విడుదలయ్యాక కూడా ఖాతాలో పడాలి. రాష్ట్రం బాండ్ల వడ్డీ గడువు రోజున రిజర్వు బ్యాంకు దగ్గరున్న రాష్ట్రం ఖాతాలోంచి కట్ అయిపోతుంది. దాని కోసం ఎవరూ ఆటో ఎక్కి వెళ్ళి ఖాతా చూపించుకోనక్కరలేదు.

ఇలా ఎందుకు రాశారో మాకు అర్థమవుతుంది. వడ్డీ ఒక్కసారి ఎగ్గొడితే రేపు ఎవరూ అప్పివ్వరు. ఇచ్చినా ఎక్కువ వడ్డీకి ఇస్తారు. ఆ భారం చివరికి పేదవాడి మీదే పడుతుంది. బ్యాంకుల్లోనూ, బీమాలోనూ ఉన్న డబ్బు కూడా ఎక్కువ భాగం మామూలు మనుషులు దాచుకున్నదే. కాబట్టి బాండ్ల వడ్డీ కట్టవద్దని మేము అనడం లేదు. అన్నమాట నిలబెట్టుకోవాలి. మా ప్రశ్న ఒక్కటే. మాట నిలబెట్టుకోవడం అంత గొప్ప విలువైతే, అది అప్పిచ్చినవాడి విషయంలోనే ఎందుకు? కందకం తవ్విన తల్లికి ఇచ్చింది మాట కాదా?

అదీ చట్టంలో ఇచ్చిన మాటే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చేసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని దాని కింద నియమం పెట్టారు. మా పిల్లలతో ఈ లెక్క చేయించాం. రోజుకు 300 రూపాయల చొప్పున ఆరు రోజుల కూలి 1,800 అనుకుందాం. గడువు దాటి 60 రోజులు ఆలస్యమైతే పరిహారం 3 శాతం, అంటే 54 రూపాయలు. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడానికి ఆ తల్లి అదే 1,800 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే వడ్డీ 108 రూపాయలు. అంటే ఆమె ప్రభుత్వానికి అప్పిచ్చి, ఆ లోటు పూడ్చుకోవడానికి సావుకారు దగ్గర అప్పు చేసింది. పరిహారం మొత్తం వచ్చినా 54 రూపాయలు నష్టం.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలో బయటపడింది. రోజుకు 0.05 శాతం అంటే ఏడాదికి 18 శాతం పైనే. రాష్ట్రాలు బాండ్ల మీద ఈమధ్య ఏళ్ళలో కట్టే వడ్డీ సుమారు ఏడెనిమిది శాతం. అంటే కాగితం మీద చూస్తే కూలివాళ్ళ దగ్గర అప్పు చేయడమే అన్నిటికంటే ఖరీదైన అప్పు. తెలివున్న ఏ ప్రభుత్వమూ ఆ అప్పు పెట్టుకోదు. ముందు కూలి ఇచ్చేస్తుంది. అయినా కూలే ఆలస్యమవుతోందంటే కారణం ఒక్కటే. ఆ పరిహారం ఎవరికీ కట్టవలసి రావడం లేదు. మా ఊళ్ళలో అది అందుకున్నామని చెప్పిన మనిషిని మేము ఇంతవరకు చూడలేదు. కట్టనక్కరలేని వడ్డీ ఎంత రాసినా సున్నాయే.

ఆ కూలి డబ్బు ఢిల్లీ నుంచి రావాలి, మా జీతం అమరావతి నుంచి రావాలి, మెస్ బిల్లు ఇంకో శాఖ నుంచి రావాలి. అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. కందకం తవ్విన మనిషికి ఈ తేడాలు తెలియవు, తెలియనక్కరలేదు కూడా. ఆమె పని చేసింది ప్రభుత్వానికి. బాకీ పడింది ప్రభుత్వం.

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు మాకు ఉండదు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రం ఉద్యోగుల జీతాల్లో సగం ఆపింది. పింఛన్లలోనూ కొంత ఆపింది. విషయం కోర్టుకు వెళ్ళింది. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది గాని, ఆపిన జీతం వడ్డీతో సహా ఇవ్వాల్సిందే అంది. పని చేసినవాడి జీతం దయ కాదు, హక్కు అని అప్పుడు మేమంతా సంతోషించాం. 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ కోసం విజయవాడ వెళ్ళినవాళ్ళలో మా కొండల టీచర్లూ ఉన్నారు. డీఏ బకాయిల గురించి, సీపీఎస్ గురించి ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాం. మాట్లాడాలి కూడా. అవి నిజమైన బాకీలు.

కానీ ఆ ఊరేగింపుల్లో ఒక్క ప్లకార్డు మీద కూడా ఉపాధి కూలి బాకీ గురించి మేము రాయలేదు. మా బడిలో చిన్న తరగతులకు వాళ్ళ భాషలో పాఠం చెప్పే భాషా వలంటీరును ఒక ఏడాది తిరిగి తీసుకోలేదు. కువి మాత్రమే తెలిసిన పిల్లలు మొదటి తరగతిలో గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మేము ఒక అర్జీ రాసి ఊరుకున్నాం. మా డీఏ ఆగితే ఊరుకున్నామా? ఖర్చు తగ్గించాలని పైన అనుకున్నప్పుడు కత్తి ఎటు పోతుందో ఈ ఒక్క సంగతి చెబుతుంది. అరుపు వినిపించని చోటికి పోతుంది. సంఘం ఉన్నవాడి దగ్గర ఆలస్యమవుతుంది. సంఘం లేనివాడి దగ్గర తెగిపోతుంది. మా కొండల్లో కోత అంటే పండగ మాట, పంట ఇంటికొచ్చే రోజు. ఇప్పుడు మా పిల్లలు పేపర్లో కోత అని చదివితే ఏది పోయిందో అని చూస్తున్నారు.

కష్టకాలంలో మావాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో పట్నం వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుంటారు. నిజమే, నెట్టుకొస్తారు. మేకను అమ్ముతారు. కాఫీ, మిరియం చెట్టు మీద ఉండగానే వ్యాపారికి రేటు మాట్లాడేసుకుంటారు. అడ్డాకులు కోసి కట్టలు కడతారు. చెవి పోగులు తాకట్టు పెడతారు. పొదుపు సంఘంలో ఒకరి కిస్తు ఇంకొకరు కడతారు. మగవాళ్ళు, ఈమధ్య ఆడపిల్లలు కూడా, పనికి దూరం పోతున్నారు. మా హాజరు పట్టీలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. చుట్టాలు పెట్టిన కుంచెడు చోళ్ళే ఆ నెల ఆ ఇంటికి బడ్జెట్టు.

ఈ నెట్టుకురావడాన్ని మెచ్చుకునే మాటలో ఒక మోసం దాగి ఉంది. "వాళ్ళు దేనికైనా సర్దుకుంటారు" అన్న తర్వాత వచ్చే ఆలోచన ఏమిటి? సర్దుకుంటారు కాబట్టి వాళ్ళది కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు అని. మా ఓర్పు మా మీదే వాడే ఆయుధం అవుతోంది. ఆకలికి ఓర్చుకోగలవాడికి అన్నం తక్కువ బాకీ ఉన్నామని ఏ ధర్మమైనా చెబుతుందా? పక్కింటి చోళ్ళు ఆ ఇంటిని నిలబెట్టాయి అంటే, ప్రభుత్వం మోయవలసిన బరువును పక్కింటి పేదవాడు మోశాడు అని అర్థం. బాకీ తీరలేదు. మనిషి మారింది, అంతే.

అప్పు హద్దు దాటకూడదని కేంద్రం 2003లో, మన రాష్ట్రం 2005లో చట్టాలు చేసుకున్నాయి. లోటు ఇంతకు మించకూడదు అని వాటిలో ఉంది. బాగుంది. 1917 చట్టం బలహీనుడి వైపు నిలబడి అప్పిచ్చినవాడికి హద్దు పెట్టింది. ఈ చట్టాలు లోటుకు హద్దు పెట్టాయి. కోతకు హద్దు పెట్టిన చట్టం ఏది? ఇంతకంటే కింద పిల్లవాడి మెస్‌లో తగ్గించకూడదు, ఇన్ని రోజుల కంటే కూలి ఆపకూడదు, ఆపితే మీ జీతాలూ ఆగుతాయి అని గట్టిగా పట్టుకునేది ఏది?

ఒకటి రెండు ఉన్నాయి. మన రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు పక్కన పెట్టాలని చెప్పింది. పదేళ్ళ గడువు 2023లో తీరబోతే ఇంకో పదేళ్ళు పొడిగించారు. కానీ పక్కన పెట్టడం వేరు, విడుదల వేరు, మా గుమ్మం దాకా రావడం వేరు. దానికంటే పెద్దది రాజ్యాంగంలోనే ఉంది. 275వ అధికరణం చూడండి. షెడ్యూల్డు తెగల సంక్షేమానికి, షెడ్యూల్డు ప్రాంతాల పాలనను మిగతా ప్రాంతాల స్థాయికి తేవడానికి కావలసిన సొమ్ము దేశ ఖజానా నుంచి రాష్ట్రానికి ఇవ్వాలి అని ఉంది. ఇది ఎవరో పార్టీవాళ్ళు ఎన్నికల్లో చేసిన వాగ్దానం కాదు. దేశం పుట్టినప్పుడు రాసుకున్న ప్రామిసరీ నోటు. బాండ్ల వడ్డీ రాసిన పుస్తకంలోనే ఇదీ రాశారు. ఒక పేజీకి గడువు తేదీ ఉంది, రోజు దాటదు. ఇంకో పేజీకి గడువు లేదు. మా పాలన మిగతా ప్రాంతాల స్థాయికి వచ్చిందా అని డోలీ మోసిన భుజాలను అడగండి.

ఏ పుస్తకంలోనూ రాయని బాకీలు కూడా ఉన్నాయి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ 1955లో మొదలైంది. జోలాపుట్ నీళ్ళ కింద ఊళ్ళు పోయాయి. కరెంటు మైదానానికి వెళ్ళింది. 1960లలో కిరండూల్ నుంచి కొత్తవలస దాకా మా కొండలను తొలిచి రైలు దారి వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పోయింది. ఆ రాబడితో దేశం ఎన్నో కట్టుకుంది. తప్పు లేదు, అందరి దేశమే. కానీ రాష్ట్రం అప్పు తలకు ఇంత అని పేపర్లో వేసినప్పుడు మా తల కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రాబడి తలకు ఇంత అని పంచినప్పుడు మా తల ఎక్కడుంది?

ఇంతకీ వరస ఎలా ఉండాలి? మేము ఆర్థికవేత్తలం కాదు. ఊరి న్యాయం మాత్రం చెప్పగలం. పని చేసేసినవాడి కూలి అందరికంటే ముందు. ఎందుకంటే వాడు తన వంతు ఇచ్చేశాడు, వెనక్కి తీసుకోలేడు. బ్యాంకు ఇచ్చిన డబ్బు వెనక్కి వస్తుంది, కందకంలో పోసిన చెమట రాదు. తర్వాత ఆగితే ప్రాణం పోయేవి, అంటే మందు, తిండి, పసివాళ్ళ పాఠం. పాఠం ఎందుకంటే ఆరేళ్ళ పిల్లవాడికి ఆరేళ్ళు మళ్ళీ రావు. ఆ తర్వాత ఆగగలిగినవాళ్ళవి. ఆ వరసలో మా డీఏ కూడా ఉంది. కష్టకాలంలో కొంచెం వెనక నిలబడమంటే నిలబడాలి. అయితే మా ముందు నిజంగా ఆ తల్లి ఉండాలి. ఆమె పేరు చెప్పి మమ్మల్ని ఆపి, ఇద్దరికీ ఇవ్వకపోతే కుదరదు. అప్పిచ్చినవాళ్ళకు ఇవ్వవలసిందే, కానీ ఊడ్పుల వేళ కూలి ఆపి కాదు. డబ్బున్నవాళ్ళ దగ్గర పన్ను సరిగ్గా వసూలు చేసి ఇవ్వాలి.

మాకూ ఒక బాకీ ఉంది. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో వల్ల మా ప్రాంతంలో టీచరు ఉద్యోగాలు స్థానిక ఆదివాసీలకే దక్కాయి. మాలో చాలామంది బడిలో నిలబడింది దాని వల్లే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మా తర్వాతి పిల్లలకు ఆ దారి లేదు. ఆ దారిన వచ్చిన మేము వాన పడిందనో, సంత ఉందనో బడికి ఆలస్యంగా వెళ్ళిన రోజు ఆ పిల్లలకు మేమే బాకీదారులం. దానికి వడ్డీ ఎంతో ఎవరూ లెక్క కట్టరు. అయినా బాకీ బాకీయే.

చివరికి ఆ అమ్మాయికి జవాబు చెప్పాం. "ప్రభుత్వానికి అప్పులున్న మాట నిజమే. మీ అమ్మ డబ్బులు రాకపోవడానికి అప్పు ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వం చాలామందికి బాకీ ఉంది. ఆ జాబితాలో మీ అమ్మ పేరు కింద రాశారు."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆ జాబితా ఎవరు రాశారు సార్?" అని అడిగింది.

మరుసటి రోజు సోషల్ పీరియడ్‌లో బడ్జెట్ అంటే ఏమిటో, ఎవరు రాస్తారో, ఎవరు ఓటేస్తారో చెప్పాం. తర్వాత గ్రామసభ రోజున ఆ తల్లినీ, ఆమెతో తవ్విన పదిమందినీ తీసుకెళ్ళి, కూలి ఎన్ని రోజులు ఆగిందో, చట్టం ప్రకారం పరిహారం ఎంతో పిల్లల చేత లెక్క కట్టించి రాసిచ్చాం. ఏడో తరగతి లెక్క అది, తప్పు లేదు. రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. పిల్లలు ప్రతి నెలా ఆ కాగితం మీద రోజులు పెంచి మళ్ళీ లెక్క కడుతున్నారు.